గేటు దాటని పువ్వు

సెగుందో నడిపే వ్యాను గుయ్యబాంబా లోయలోకి దిగి మళ్ళీ ఎగువకెక్కేసరికి బాగా తెల్లవారింది. ముందు సీట్లో దెల్ఫీనా కుచ్చుల పావడా నలగకుండా సర్దుకుని, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. మూటలో కయాంబె ఊరి కరకరలాడే బిస్కోచో రొట్టెలు, ఆకులో చుట్టిన జున్ను, ఉడికించిన చిక్కుడు గింజలు ఉన్నాయి. అవన్నీ కూతురు యాదిరా కోసం.

"కొమాద్రే, నువ్వు పూల ప్రదర్శనకి వస్తున్నావా, పెళ్ళిభోజనం మోసుకొస్తున్నావా?" అన్నాడు సెగుందో.

"ఆ కీటో పట్నంలో అది ఏం తింటోందో ఏమో. కన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ."

"నేను కనలేదు గానీ, చర్చిలో నీళ్ళ మీద ఎత్తి పట్టుకున్నది నేనే కదా. కొత్త చొక్కా తడిపింది, దొంగపిల్ల. ఆ చొక్కా మళ్ళీ వేసుకోనే లేదు."

బిడ్డకు జ్ఞానస్నానంలో తండ్రిగా నిలిచినవాడు కన్నతల్లికి కొంపాద్రె అవుతాడు, ఆమె అతనికి కొమాద్రే. ఆ కొండ ఊళ్ళలో అది తోబుట్టువు వరస కన్నా గట్టిది. దెల్ఫీనా భర్త పోయిన ఏడాది, అడగకుండానే ఇంటి కప్పు వేయించినవాడు సెగుందో. ఆ సంగతి అతను ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె మరవలేదు.

"వెనకాల చల్లగానే ఉందా? పువ్వులు కమిలిపోవు కదా?" అని అడిగింది.

"నా బండిలో శవాన్ని పెట్టినా జలుబు చేస్తుంది. నిన్న సాయంత్రం పోటీ పువ్వులు కూడా నేనే దించొచ్చా. పెట్టె తెరిచి చూసి మీ అమ్మాయి నవ్వింది. అది నవ్వడం ఎన్నాళ్ళకి చూశానో."

యాదిరా నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. వ్యవసాయం చదివి, తల్లి పనిచేసే గులాబీ ఫారంలోనే, ఆఫీసులో చేరింది. చేరింది గానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ అంతర్జాతీయ ప్రదర్శనలో ఫారం స్టాలు ఆమెకు అప్పగించి కీటో పంపారు. కొత్త రకం గులాబీని పోటీకి పెట్టే పని కూడా ఆమెదే. "ఆ పోటీ పూలకూజా నీ చేతిలో పెడుతున్నాను. ప్రదర్శన అయ్యాక నీ ఉద్యోగం సంగతి తేలుస్తాను," అని మేనేజరు మొంకాయో ముందే చెప్పాడు. ఈ రోజే జడ్జీలు వచ్చే రోజు. అందుకే దెల్ఫీనా సెలవు పెట్టి, లోడు దించే మనిషిలా వ్యానెక్కింది. కూతురికి ఏదో ఒక పనిలో ఆసరా అవుదామని ఆశ.

ప్రదర్శన జరిగేది పాత విమానాశ్రయం ఉండిన చోట కట్టిన పెద్ద హాల్లో. వెనక గుమ్మం నుంచి అట్టపెట్టెలు మోసుకుని లోపలికి వెళ్ళారు. స్టాలు దగ్గర యాదిరా లేదు. స్టాళ్ళవాళ్ళందరినీ మీటింగుకి పిలిచారనీ, మేనేజరు కూడా తిన్నగా అక్కడికే వస్తాడని వెళ్ళిందనీ పక్క స్టాలు కుర్రది చెప్పింది. సెగుందో పెట్టెలు దింపి, బండి తీయకపోతే గార్డు తిడతాడని వెళ్ళిపోయాడు.

దెల్ఫీనా ఒక్కతే మిగిలింది. చుట్టూ చూసింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఫారం పేరున్న బోర్డు, బల్ల నడుమ ఎత్తయిన గాజుకూజా. కూజా చూడగానే ఆమె దగ్గరికి నడిచింది. అందులోని గులాబీలు ఒక్కొక్కటీ అరచేయంత వెడల్పున విచ్చుకుని ఉన్నాయి.

ఆమె పువ్వును చూసి మురిసే మనిషి కాదు, ఏరే మనిషి. యాదిరా కడుపులో ఉన్నప్పటి నుంచీ గ్రేడింగు షెడ్డులోనే నిలబడి పనిచేస్తోంది. అక్కడ పువ్వంటే పిడికిలిలా మూసుకుని ఉండాలి. రష్యాకి వెళ్ళేది రవ్వంత వదులుగా ఉన్నా ఫర్వాలేదు, అమెరికాకి వెళ్ళేది బిగుతుగా ఉండాలి. ఒక్క రేకు వెనక్కి వాలిందా, అది చెత్త. చెత్తను ఊరికే పారేయడానికి కూడా లేదు. వెనకటికి పారేసిన పువ్వుల్ని ఎవరో ఏరుకెళ్ళి రోడ్డు పక్కన ఫారం పేరు చెప్పి అమ్మారట, బయటి దేశాల కొనుగోలుదార్లు గోల చేశారట. అప్పటి నుంచి తల తుంచి బకెట్లో వేయాలి. షెడ్డు గోడ మీద బోర్డు ఉంది: విచ్చుకున్న పువ్వు గేటు దాటరాదు. ఆ బోర్డు చదవాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడో పోయింది. కన్ను చూసేలోపే చెయ్యి తుంచేస్తుంది.

'ఎవరు పెట్టారివి? పొద్దున్నే చూసుకునే దిక్కు లేదా? జడ్జీలు వచ్చి ఇవి చూస్తే పిల్ల పరువేం కావాలి?'

అంతే. టోపీ తీసి పెట్టెమీద పెట్టింది. బొటనవేలు కాడమీద ఆనించి, ఒక్కొక్క తలా తుంచి బల్లకింది బకెట్లో పడేసింది. చప్పుడైనా కాలేదు. అవి ఆ కొత్త రకం పువ్వులే. ముళ్ళెక్కువని షెడ్డులో ఆడవాళ్ళు దానికి గయ్యాళి అని పేరు పెట్టారు. కాడలు కూడా తీసేసి, కూజా కడిగి, కొత్త నీళ్ళు పోసింది. సెగుందో దింపిన పెట్టెల్లోంచి అదే రకం మొగ్గలు, ఒక్క మచ్చ లేనివి, ఏరింది. కింది ఆకులు జానెడు మేర దూసేసింది. తలలన్నీ ఒక మట్టానికి వచ్చేలా కాడలు కత్తిరించి నిలబెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. పీట చెక్కినట్టు సమంగా ఉన్నాయి. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనిపించింది.

ఊడ్చే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చి, "అమ్మా, బకెట్ చెత్తేనా?" అని అడిగింది.

"చెత్తే, పట్టుకుపో తల్లీ."

మూట బల్లకింద పెట్టి, టోపీ పెట్టుకుని, పిల్ల వచ్చేలోపు నాలుగు వింతలు చూసొద్దామని బయల్దేరింది.

హాలు ఎటు చూసినా మనుషులే, పువ్వులే. కొలంబియా వాళ్ళ స్టాల్లో ఆర్కిడ్లు కొయ్య మొద్దుల మీంచి వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి అచ్చం ఈగలా ఉంటే చెయ్యి విదిలించబోయింది. ఒకచోట జపాను వాళ్ళు మూరెడు చెట్టు పెట్టి దాని వయసు రాశారు. ఆమె తాత వయసు కన్నా ఎక్కువ. ఒకచోట ఊదారంగు క్యాబేజీని కుండీలో పెట్టి దానిచుట్టూ రాళ్ళు పేర్చి తోట అన్నారు. ఎవరో నలుగురు దానితో ఫొటోలు దిగుతున్నారు.

"మా ఊళ్ళో ఇది పందులకి వేస్తాం," అంది దెల్ఫీనా పక్కనున్న ముసలాయనతో.

"మా ఊళ్ళోనూ అంతేనమ్మా. ఇక్కడ కుండీలో ఉంది కదా, నోరు మూసుకోవాలి," అన్నాడాయన.

నవ్వుకుంటూ మలుపు తిరిగింది. అక్కడ గులాబీల వరస మొదలైంది. మొదటి స్టాలు బల్లమీద ఎర్ర గులాబీలు పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. 'వీళ్ళూ చూసుకోలేదు పాపం' అనుకుంది. రెండో స్టాల్లో పసుపువి, అవీ విచ్చుకునే ఉన్నాయి. కెన్యా వాళ్ళ బల్లమీదా అంతే. హాలండు వాళ్ళ బల్లమీద ఒకాయన వంగి, కుంచెతో ఒక్కొక్క రేకునూ మెల్లగా వెనక్కి నొక్కుతున్నాడు, ఇంకాస్త విచ్చుకోవాలని. దెల్ఫీనా అడుగు మందగించింది.

తబకుందో ఊరి నుంచి వచ్చిన ఒక ఫారం స్టాల్లో తనలాంటి పావడా, తనలాంటి టోపీ ఉన్న మనిషి కనబడింది. దగ్గరకు వెళ్ళి అడిగింది.

"ఏమ్మా, ఇవి ముదిరిపోయాయి కదా. తీసెయ్యలేదేం?"

ఆవిడ కిందినుంచి పైదాకా చూసింది. "ముదరడమేంటక్కా? పోటీ కూజా అది. మొగ్గకి మార్కులెవరిస్తారు? లోపల రంగు, రేకుల వరస, అన్నీ విప్పి చూపిస్తేనే లెక్క. వెచ్చటి గదిలో పెట్టి పురిటిబిడ్డని సాకినట్టు సాకాం వారమంతా. నువ్వు ఎవరి తాలూకు?"

దెల్ఫీనా బల్లను వదిలి పక్కకు జరిగింది. కూతురు ఫోనులో 'పోటీ పువ్వులు తయారయ్యాయమ్మా' అంటే తాను మొగ్గలనే అనుకుంది. విచ్చుకున్నవని చెప్పాలని ఆ పిల్లకీ తోచి ఉండదు. తనకు తెలిసిన సంగతి తల్లికీ తెలుసనుకుని ఉంటుంది.

వెనక్కి తిరిగి గబగబా నడిచింది. దారిలో ఊడ్చే బండి కనబడితే ఆపి చూసింది. బకెట్లు ఎప్పుడో ఖాళీ అయిపోయాయి. దొరికినా ఏం లాభం? కాడ లేని తలను కూజాలో ఎవరు నిలబెడతారు?

స్టాలు దగ్గరకు వచ్చేసరికి మొంకాయో నడుమున చేతులు పెట్టుకుని కూజాను చూస్తున్నాడు. ఆయన అరిచే మనిషి కాదు. అదే భయం ఆయనతో.

"నిన్న ఫారంలో నా కళ్ళతో చూసి పంపించాను," అంటున్నాడు. "విచ్చుకున్న పువ్వు మళ్ళీ మొగ్గ కావడం నా సర్వీసులో చూళ్ళేదు, యాదిరా."

యాదిరా మొహం పాలిపోయి ఉంది. ఆమె కూడా కూజానే చూస్తోంది. ఒకే మట్టంలో ఉన్న తలల్ని, జానెడు మేర దూసిన ఆకుల్ని చూస్తోంది. ఆ చేతి పని ఎవరిదో ఆమెకు తెలియకపోవడం ఉండదు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి షెడ్డు బయట కూర్చుని ఆ చేతినే చూస్తూ పెరిగిన పిల్ల. తల ఎత్తింది. జనం మధ్యలోంచి వస్తున్న తల్లి కనబడింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. యాదిరా వెంటనే చూపు తిప్పుకుంది.

"వ్యాన్లో ఏసీ సరిగ్గా పనిచెయ్యలేదు సార్," అంది. "రేకుల అంచులు కమిలిపోయాయి. పొద్దున్నే తీసి పారేశాను."

సెగుందో అప్పుడే బండి పెట్టి వచ్చి, ఖాళీ పెట్టెలు మడుస్తున్నాడు. చేతులు ఆగిపోయాయి.

మొంకాయో అతనివైపు తిరిగాడు. "ఏసీ పాడైందా?"

సెగుందో యాదిరాను చూశాడు, తర్వాత దెల్ఫీనాను చూశాడు, తర్వాత కూజాను చూశాడు. టోపీ తీసి రెండు చేతుల్లో మెల్లగా తిప్పాడు.

"అయ్యుండొచ్చు సార్. పాత బండి."

"పాడైందని తెలిసి కూడా పువ్వులెక్కించావా?"

"సరిగ్గా చూసుకోలేదు సార్."

"సోమవారం నుంచి ఈ రూటు ఇంకొకళ్ళకి ఇస్తాను. తప్పుగా అనుకోకు."

"సరే సార్," అన్నాడు సెగుందో. అని, మళ్ళీ పెట్టెలు మడవడం మొదలుపెట్టాడు.

దెల్ఫీనాకు అంతా అర్థమైంది. కూతురు అబద్ధమాడింది తనకోసం, దానితో పాటు ఆ పిల్ల ఉద్యోగం కోసం కూడా. సెగుందో ఆ అబద్ధాన్ని నెత్తిన పెట్టుకున్నది వాళ్ళిద్దరికోసం. తాను ఊరుకుంటే చాలు. బండి పాతదే, మేనేజరు నమ్మాడు, పిల్లమీద తప్పు లేదు. సెగుందో ఇంకో లోడు వెతుక్కుంటాడు. ఈ సంగతి ఎన్నడూ ఎత్తడు. ఇంటి కప్పు సంగతి ఎత్తనట్టే దీన్నీ ఎత్తడు. జాతరలో కలిస్తే నవ్వుతూ గ్లాసు అందిస్తాడు. ఆ నవ్వు తాను ఎలా చూడాలి? అతను పెట్టెలు మడుస్తున్న తీరు, ఒక్కొక్క అట్టా జాగ్రత్తగా, ఏమీ జరగనట్టు, అది చూడలేకపోయింది.

"సార్," అంది. "ఆ పువ్వుల తలలు తుంచింది నేను."

"అమ్మా, నువ్వూరుకో," అంది యాదిరా.

"బండికేం కాలేదు సార్. చల్లగానే ఉంది. పొద్దున నేను వచ్చేసరికి పువ్వులు నిగనిగలాడుతున్నాయి. విచ్చుకున్నాయని తుంచేశాను. పిల్ల ఇక్కడ లేదు. దానికి తెలీదు."

మొంకాయో ఆమెవైపు తిరిగాడు. ఆయనకు ఆమె మొహం తెలుసు, పేరు తెలియదు. మెడలోని ఫారం కార్డు వంగి చూశాడు.

"ఎందుకు తుంచావమ్మా?"

"షెడ్డులో బోర్డు ఉంది కదా సార్."

"అది మా మాటే," అన్నాడాయన నుదురు రుద్దుకుంటూ. "కానీ ఇది షెడ్డు కాదు."

"హాలంతా తిరిగాక తెలిసింది సార్. ముందు తెలీలేదు."

ఆయన యాదిరావైపు తిరిగాడు. ఈసారి గొంతు ఇంకా తగ్గింది. "మీ అమ్మది పొరపాటు. అలవాటున్న చెయ్యి, చేసేసింది. పువ్వు పోయిందనుకుందాం, వచ్చే ప్రదర్శనకి ఇంకోటి పూస్తుంది. నువ్వు మాత్రం నా ఎదురుగా నిలబడి ఒక మనిషి కూడు తీశావు. ఆయన మీ బంధువులాగా ఉన్నాడు కూడా. నీ గురించి ఏమని రాయమంటావు?"

యాదిరా చూపు కూజా మీంచి ఆయనవైపు తిప్పింది. "జరిగింది రాయండి సార్."

అప్పుడే జడ్జీలు వచ్చారు. ముగ్గురిలో పెద్దావిడ కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి కూజాను చూసింది, తర్వాత పోటీ చీటీని చూసింది. యాదిరా ముందుకు వచ్చి, "మా కూజా పోటీలో లేదండీ. క్షమించాలి," అంది. గొంతు తడబడలేదు. పెద్దావిడ తలాడించి పక్క బల్లకు వెళ్ళింది. అంత శ్రమపడి సాకిన పువ్వు సంగతి అంతటితో తేలిపోయింది.

వాళ్ళు వెళ్ళాక మొంకాయో చెప్పాడు. ఆఫీసు పోస్టు ఇప్పుడు లేదు. ఉండాలనుకుంటే ఫిబ్రవరి కోతలయ్యేదాకా గ్రేడింగు షెడ్డులో పనిచెయ్యాలి, ఆ తర్వాత చూస్తాడు. వద్దనుకుంటే ఇవాళే చెప్పేయవచ్చు. సెగుందో రూటు సెగుందోదే. దెల్ఫీనా గురించి ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ సెగుందో భుజం మీద చెయ్యివేసి, "నువ్వు కూడా అబద్ధమే ఆడావు," అన్నాడు.

"కొంచెమే సార్. పాత బండన్నాను. అది నిజమే కదా," అన్నాడు సెగుందో.

తల్లీ కూతుళ్ళు వ్యానుదాకా నడిచారు.

"నువ్వు మాట్లాడకుండా ఉంటే అయిపోయేది," అంది యాదిరా చివరికి.

"నీకైపోయేది. ఆయనకి?"

"నీకోసమే చెప్పానమ్మా. నిన్ను పనిలోంచి తీసేస్తారేమోనని."

"తెలుసే. వేరే దానికోసమైతే నిన్ను అక్కడే నాలుగు దులిపేదాన్ని. నాకోసమని తెలిసే ఊరుకోలేకపోయా."

యాదిరా కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళు చదివించి, నువ్వే పడగొట్టావు."

దెల్ఫీనా తన అరచేయి చూసుకుంది. పిల్ల మాటలో అబద్ధం లేదు. పువ్వును తుంచిందీ ఈ చెయ్యే, ఆ తర్వాత కూతురి మాటను తుంచిందీ ఈ నోరే. మొదటిదానికి పశ్చాత్తాపం ఉంది. రెండోదానికి నొప్పి ఉంది గానీ పశ్చాత్తాపం లేదు. ఆ తేడా కూతురికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

సెగుందో వ్యాను వెనక తలుపులు వేస్తున్నాడు. యాదిరా అతని ముందుకు వెళ్ళి ఆగింది. ఆ ఊళ్ళలో పిల్లలు జ్ఞానతండ్రి ఎదురైతే మోకరించి, చేతులు జోడించి దీవెన అడుగుతారు. ఆఫీసు కార్డు మెడలో పడిన నాటి నుంచి యాదిరా ఫారంలో అతన్ని చూస్తే తల ఊపి వెళ్ళిపోయేది. అతనూ ఏమనేవాడు కాదు. ఇప్పుడు సూట్లు వేసుకున్న వ్యాపారులు కార్లు దిగుతున్న చోట, సిమెంటు నేలమీద మోకరించింది.

"పెదనాన్నా, దీవించు."

సెగుందో చుట్టూ చూశాడు. "లేవవే. కొత్త ప్యాంటు."

ఆమె లేవలేదు.

"నా బండి ఏసీని అంటావా? నన్నంటే ఊరుకున్నానే, దాన్నంటావా?" అన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆమె తలమీద చెయ్యి ఉంచి, సిలువ గీసి, పెద్దవాళ్ళు చెప్పే మాటలన్నీ ఒకటీ వదలకుండా చెప్పాడు. పక్క కారువాళ్ళు హారన్ కొట్టబోయి ఆగారు.

లేచాక యాదిరా మోకాళ్ళు దులుపుకుంటూ, "షెడ్డులో చేరనా పెదనాన్నా?" అని అడిగింది.

"నన్నడుగుతావేంటి? ముళ్ళు గుచ్చుకునేది నీ చేతులకి. మీ అమ్మనడుగు."

యాదిరా తల్లివైపు చూసింది.

ఆ బల్ల దగ్గర ఈ పిల్ల నిలబడకూడదనే దెల్ఫీనా ఇన్నేళ్ళు నిలబడింది. తెల్లారకముందే లేవడం, చలిలో తడి చేతులు, సాయంత్రానికి వంగని నడుము, అన్నీ ఆ ఒక్క పంతం కోసమే భరించింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. కూతురి మొహం చూసింది. పొద్దున లేని ఒక నిదానం కనబడింది అందులో, ఏడ్చి కడుక్కున్న మొహంలో ఉండే నిదానం. వద్దనే హక్కు ఇక తనకు లేదనిపించింది.

"చేతి తొడుగులు నువ్వే కొనుక్కో," అంది. "వాళ్ళిచ్చేవి రెండో రోజుకే చిరిగిపోతాయి."